కొనని ఇంటి మీద స్టార్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, ఆఫీసుల్లో నోరు పెగలదు. రాహేలు అలా కాదు. నాచారం మందుల కంపెనీలో, ప్యాకింగ్ బల్ల దగ్గర నా పక్కన పనిచేస్తుంది. తప్పు తనది కాకపోతే దేవుడొచ్చి చెప్పినా ఒప్పుకోదు.

కిందటి డిసెంబరులో బోడుప్పల్‌లో చంద్రయ్య అనే పెద్దాయన డాబా ఇల్లు బేరం కుదుర్చుకుంది. లోను రావడమే తరువాయి. క్రిస్మస్ నెల రాగానే రాహేలు వాళ్లు ఇంటి మీద కాగితం స్టార్ కడతారు. కొనబోయే ఇల్లే కదా, ఈసారి అక్కడే కట్టుకుంటానని చంద్రయ్యను అడిగింది. ఆయన నవ్వి, "నీ ఇల్లే గద బిడ్డా, కట్టుకో" అన్నాడు. భర్త మోషే నిచ్చెన పట్టుకుంటే తనే ఎక్కి ఎర్ర స్టార్ కట్టింది.

ఉప్పల్‌లోని ఫైనాన్స్ ఆఫీసువాళ్లు ముందే ఫీజు కట్టించుకుని, ఇంటి విలువ కట్టడానికి ఇంజనీరును పంపారు. ఇల్లెక్కడని అతను ఫోన్ చేస్తే, డ్యూటీ హడావుడిలో ఉన్న రాహేలు స్టార్ కట్టిన ఇల్లని చెప్పింది. ఆ వీధి మొదట్లోనే ఇంకో ఇంటివాళ్లు కూడా అప్పుడే స్టార్ కట్టుకున్నారని ఆమెకేం తెలుసు? ఆ మహానుభావుడు వాళ్ల రేకుల ఇల్లు కొలిచి, ఫోటోలు తీసుకుని, మున్సిపాలిటీ మనిషనుకుని వాళ్లిచ్చిన చాయ్ కూడా తాగి వెళ్లాడు.

రేకుల ఇంటికి డాబా ఇంటి లోను ఎవరిస్తారు? విలువ చాలదని అప్లికేషన్ తిప్పి పంపారు. రిపోర్టులో ఫోటో చూశాక గానీ సంగతి బయటపడలేదు. ఈలోగా చంద్రయ్య ఇల్లు వేరేవాళ్లకు అమ్మేశాడు. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్లు ఆగుతాడు? మోషే మాత్రం, "నీ స్టార్‌తోనే పోయింది ఇల్లు" అని ముఖం తిప్పుకున్నాడు. ఇల్లు పోయినదానికంటే ఆ మాటే రాహేలుకు ఎక్కువ తగిలింది. ఆ ఫీజు వెనక్కి రాబట్టి, తప్పెవరిదో ఒప్పిస్తే తప్ప ఇక ఇంట్లో తలెత్తుకోలేననుకుంది.

నన్ను తోడు తీసుకుని ఉప్పల్ వెళ్లింది. మేనేజరు ఉమాశంకర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఇంజనీరు వెళ్లి కొలిచాడు గనక ఫీజు రాదన్నాడు. స్టార్ గుర్తు చెప్పింది మీరే కదా అని కూడా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రాహేలు నా చేయి నొక్కి, గుర్తు చెప్పింది తనేనని ఒప్పుకుంది. అప్లికేషన్‌లో ఇంటి నంబరు ఉంది, గేటు మీదా ఉంది, రెండూ కలిపి చూసుకునే పని ఇంజనీరుదని చెప్పింది. చివరికి మేనేజరు సగం ఇస్తానన్నాడు.

"సగమెందుకు సార్? మీరు కొలిచిన ఇల్లు నాకిప్పియ్యున్రి, ఫీజు మొత్తం మీరే ఉంచుకోన్రి" అంది రాహేలు.

పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ఇక సాగదీయలేదు, మొత్తం తిరిగిచ్చాడు. రాహేలు అంతటితో వదిలిందా? మోషేకు ఫోన్ కలిపి, పొరపాటు తమదేనని ఆయన నోటితోనే చెప్పించింది. ఆ తర్వాత ఫోన్ తీసుకుని, బోడుప్పల్ పోయి స్టార్ దించుకొస్తానని భర్తకు చెప్పి పెట్టేసింది.

ఇద్దరం ఆటో ఎక్కాం. ఇల్లు కొన్న హైమావతి గారు స్టార్‌ను అలాగే ఉంచారు. విషయం విని, పాపం, ఆవిడే నిచ్చెన తెచ్చిచ్చారు. రాహేలు పైకెక్కి ముడి మీద చేయి వేసింది గానీ విప్పలేకపోయింది. అంత గట్టి మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకూ ఆగలేదు. నిచ్చెన నా చేతుల్లో ఊగుతోంది.

అప్పుడే బండి ఆగిన చప్పుడైంది. మోషే వచ్చి, నన్ను పక్కకు జరగమని నిచ్చెన పట్టుకున్నాడు. రాహేలు కిందికి చూసి, కళ్లు తుడుచుకుని ముడి విప్పింది.

"వచ్చే ఇంటికి గూడ దీన్నే కడ్త" అంది, పైనుంచే.

"కట్టు. నిచ్చెన నేను పట్టుకుంట" అన్నాడు మోషే.