సూదుల సాక్ష్యం

డెబ్భై ఆరులో మా ఆయన జక్కయ్య పాడిగేదెను అమ్మేసి, గవర్నర్‌పేటలో కొత్తగా వచ్చిన ఆక్యుపంక్చర్ డాక్టరు దగ్గర పదిసార్లు మోకాలికి సూదులు గుచ్చించుకున్నాడు. నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. ఆ మాట చెబితే కంకిపాడంతా నవ్వుతుందని, ఆదివారం చర్చిలో లేచి, "ఆ సూదులతోనే దేవుడు నాకు స్వస్థత ఇచ్చాడండీ" అని సాక్ష్యం చెప్పాడు. రుజువుగా అందరి ముందూ మోకరించాడు కూడా. ఇంటికొచ్చాక ఆ మోకాలికి వేడి ఆముదం రాసింది నేనే. గేదె ఎలాగూ పోయింది, పరువైనా దక్కనీ అని నోరు మూసుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆ సాక్ష్యం నమ్మి, వరినాట్లతో మోకాళ్లు అరగదీసుకున్న కరుణమ్మ చెవికమ్మలు అమ్ముకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లింది. వైద్యం అయిపోయాక, బోసి చెవులతో చర్చిలో లేచి, "జక్కయ్యన్నకి తగ్గినట్టే నాకూ తగ్గిందండీ" అంది.

ప్రార్థనకి మోకరించేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని, పళ్లు బిగించి కిందికి దిగింది. అందరూ కళ్లు మూసుకున్నాక నా చెవిలో అడిగింది: "వదినా, నాకొక్కదానికే తగ్గలేదా?"

నేను అందరితోపాటు గట్టిగా ఆమేన్ అన్నాను.