సముద్రం చూడ్డానికని చెప్పాం

"సముద్రం చూడనీకి పోతున్నం సార్." మా ఆయన ఆఫీసులో చెప్పిన మాట ఇది. అసలు మేం వెళ్లాలనుకున్నది యెరూషలేముకు. మెదక్ చర్చివాళ్లు కొందరు జట్టుగా ఇజ్రాయెల్ యాత్రకు బయలుదేరుతుంటే మేమూ పేర్లిచ్చాం. ఆ దేశానికి ఒక పక్కంతా మధ్యధరా సముద్రమే కాబట్టి మేం చెప్పింది పూర్తిగా అబద్ధం కాదని నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఆయన మాత్రం అలా సర్దిచెప్పుకోలేక కడుపులో మంటకు మాత్రలు మింగేవాడు.

దాచడం ఎందుకంటే, ఆయనకు సర్కారు నౌకరీ ఎస్సీ కోటాలో వచ్చింది. క్రైస్తవులమని కాగితం మీద ఒప్పుకుంటే ఆ కోటా వర్తించదు. అది తెలిసిన మా మామ, బళ్లో వేసిన రోజే కొడుకు హిందువని రాయించాడు. పసివాడప్పుడు చర్చిలో బాప్తిస్మమిచ్చి పెట్టిన పేరు ఒకటి, బడి పంతులు రాసుకున్న పేరు మరొకటి. ఆదివారం ఒక పేరుకు పలికేవాడు, సోమవారం ఇంకో పేరుకు. మా వాళ్లలో ఇది కొత్తేమీ కాదు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కానీ గిట్టనివాడొకడు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు, నౌకరీ పోతుంది, పెన్షన్ పోతుంది, పైగా కేసు. పెళ్లయిన నాటి నుంచీ మా ఇంట్లో ఉప్పు, పప్పు ఉన్నట్టే ఈ భయం కూడా ఉంది.

నాది మిషన్ బడిలో టీచరు పని కాబట్టి నాకు దాపరికం లేదు. క్వయర్‌లో ముందు వరుసలో నిలబడి గొంతెత్తి పాడేదాన్ని. ఆయన చివరి స్తంభం చాటున కూర్చునేవాడు. చర్చి చూడ్డానికొచ్చిన టూరిస్టులు కెమెరా పైకెత్తితే చాలు, పాటల పుస్తకం కింద పడ్డట్టు వంగిపోయేవాడు. "దేవుని ముంగట గిట్ల దొంగోని లెక్క వంగుడేంది?" అని ఇంటికొచ్చాక దెప్పేదాన్ని. "దేవునికి తెల్సులే టీచరమ్మా. తెల్వనిది ఆఫీసోళ్లకే" అనేవాడు.

అంత పిరికిమనిషి యాత్రకు ఒప్పుకోవడమే ఆశ్చర్యం. యేసు నడిచిన నేల మీద ఒక్కసారి నిలబడాలని ఆయనకు చిన్నప్పటి నుంచి ఉందట, నాకే ఎన్నడూ చెప్పలేదు. విదేశం వెళ్లాలంటే ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి. ఎందుకు వెళ్తున్నావని అడుగుతారు. అందుకే 'విహారయాత్ర' అని రాశాడు. రాసిన రోజు నుంచీ ఆ విహారయాత్రను నిజంగానే ప్లాన్ చేయడం మొదలుపెట్టాడు, ఎవడేం అడిగినా తడుముకోకూడదని. ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి అక్కడి బీచుల ఫొటోలు ప్రింట్ తీయించుకొచ్చాడు. సాయంత్రం చాయ్ తాగుతూ నన్ను ఆఫీసరుగా కూర్చోబెట్టేవాడు.

"ఆడ ఏం చూస్తరయ్యా?" అనేదాన్ని గొంతు పెద్దగా చేసి.

"బీచ్ సార్."

"ఇంకా?"

"ఇంకో బీచ్ సార్."

"నీ మొగం! గిట్ల చెప్తే చిన్న పిల్లగాడు గూడ నమ్మడు" అని నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. నుదుటి మీద చెమట తుడుచుకొని మళ్లీ మొదటి నుంచి అడగమనేవాడు. ఆ చెమట చూశాక నాకూ నవ్వు ఆగిపోయేది.

ఆఫీసరు అడగనే అడిగాడట, "సముద్రమైతే వైజాగ్‌ల లేదా?" అని. "మా టీచరమ్మకు ఫారిన్ మోజు సార్" అన్నాడట ఈ మహానుభావుడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పర్మిషన్ వచ్చింది కదా అని ఊరుకున్నాను. ఆఫీసరు కన్నా ఆయనకు అసలు భయం తన కింద పనిచేసే జూనియర్ అసిస్టెంటుతో. టేక్మాల్ నుంచి వచ్చే ఆ మనిషికి మా ఆయన సీటు ఖాళీ అయితే తప్ప ప్రమోషన్ లేదు. మంచిగానే మాట్లాడేవాడు. ఆ మంచితనమే మా ఆయనకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు డిపోలోంచి కదలడం లేదు. ఎయిర్‌పోర్టుకు ఎట్లా చేరతామోనని యాత్రకు పోయేవాళ్లంతా పరేషాన్ అవుతుంటే, మా ఆయన ముఖంలో మాత్రం కాస్త తెరిపి కనిపించింది. ఆఫీసు లేదు కాబట్టి ప్రశ్నలు లేవు. ఉద్యోగులందరూ చౌరస్తాలో టెంటు వేసుకొని కూర్చునేవారు. అక్కడే వంట, అక్కడే తిండి, అక్కడే నినాదాలు. ఈయన నినాదం అందుకుంటే ఎదురుగా ఉన్న హోటల్లో గ్లాసులు అదిరేవి. ఇంట్లో గుసగుసలాడే మనిషికి అంత గొంతు ఉందని నాకప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం చర్చిలో యాత్రికుల కోసం ప్రార్థన చేశారు. ముందే బతిమాలుకున్నాం కాబట్టి పాస్టరయ్యగారు ఆయన పేరు చదవకుండా దాటేశారు. గండం గడిచిందనుకున్నాం. కానీ మా చర్చి యూత్ పిల్లల సంగతి మరిచిపోయాం. మెదక్‌లో పుట్టినరోజుకూ ఫ్లెక్సీయే, పదవొస్తే ఫ్లెక్సీయే. అందులో ఫొటో కింద హోదా రాయకపోతే మనిషిని అవమానించినట్టే. అయ్యగారు పేరు మరిచిపోయారేమోనని ఆ పిల్లలు నొచ్చుకున్నారట. ఫొటో స్టూడియోకు పోయి మా పెళ్లిరోజు ఫొటో సంపాదించారు.

సోమవారం పొద్దున కూరగాయలకని చౌరస్తాకు పోయి తలెత్తాను. 'పరిశుద్ధ యెరూషలేము యాత్రికులకు శుభాకాంక్షలు' అని పెద్ద ఫ్లెక్సీ. పైన సిలువ. యాత్రికులందరి ఫొటోల నడుమ నేను, నా పక్కన ఆయన. కింద బాప్తిస్మం పేరు, దాని పక్కనే ఆఫీసులో వాడే పేరు, దాని కింద ఏ ఆఫీసులో ఏ పోస్టో కూడా. ఇన్నేళ్లు ఒకదాని పక్కకు ఒకటి రాకుండా కాపాడుకున్న రెండు పేర్లు! పిల్లలు ప్రేమతో రాయించారు. ఎవరిని తిట్టను?

ఆ ఫ్లెక్సీ కట్టింది సరిగ్గా ఉద్యోగుల టెంటుకు ఎదురుగా.

ఆఫీసు ఆఫీసంతా అక్కడే కూర్చుంది. పొద్దంతా చేసే పనేమీ లేదు, ఎదురుగా ఉన్నది చదవడం తప్ప. మా ఆయన రెండో వరుసలో కూర్చొని ఉన్నాడు. మెడ వంచి నేల చూస్తున్నాడు. పక్కన ఆఫీసరు, వెనక జూనియర్. ఎవరూ ఆయనతో మాట్లాడటం లేదు. నేను కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన లేచి పోతే అనుమానం, కూర్చుంటే నరకం. ఆయన కూర్చున్నాడు, సాయంత్రం దాకా.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగాను.

"ఆఫీసరు ఏమనలే. జూనియర్ మాత్రం పోతుంటే దగ్గరికొచ్చి, 'ఫొటో మస్తుగొచ్చింది సార్' అన్నడు."

"గంతేనా?"

"గంతే" అన్నాడు. నేనిచ్చిన చాయ్ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

యూత్ పిల్లలను పిలిపించి ఫ్లెక్సీ తీసెయ్యమన్నాం. "మొత్తం తీసేస్తే మిగతా పెద్దమనుషులు ఊకుంటరా ఆంటీ?" అన్నారు. అదీ నిజమే. చివరికి ఆయన ఫొటో మీద, పేర్ల మీద తెల్ల కాగితం అంటించి వచ్చారు. మర్నాడు చూస్తే ఆ తెల్ల కాగితమే ఊరంతటికీ ముందు కనిపిస్తోంది. నేను పట్టుచీరలో నవ్వుతున్నాను, నా పక్కన తెల్లటి ముక్క.

ఆ మర్నాడు మధ్యాహ్నం చౌరస్తా మూలన సీతాఫలాలు బేరమాడుతుంటే, సంచి మోయడానికని ఆయన టెంటులోంచి లేచి వచ్చాడు. కాయలు అమ్మే అవ్వ హవేలిఘనపూర్ దిక్కు నుంచి గంప ఎత్తుకొచ్చింది. ఫ్లెక్సీ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"గా పైనున్నది నువ్వే గద బిడ్డా?"

"నేనే అవ్వా."

"మరి నీ పక్కకు గా కాయితమేంది? ఎవలుండె గాడ?"

అప్పటికే జూనియర్ కూడా వచ్చి మా ఆయన వెనక నిలబడి కాయలు ఒత్తి చూస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు.

"ఎవలో ఏమో అవ్వా. మాకు తెల్వది."

జూనియర్ చేతిలోని కాయను గంపలో పెట్టేశాడు. ఏమీ కొనకుండా, తల దించుకొని టెంటులోకి వెళ్లిపోయాడు. నాకు కోపం రావాలి, రాలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తడబడలేదు, గుటకైనా వేయలేదు. ఇన్నేళ్లూ నౌకరీ పోతుందనే భయపడ్డాను. ఆ మధ్యాహ్నం నా మొగుణ్ని చూస్తే భయమేసింది.

ఇంటికొచ్చాక నేను కూర్చోలేదు. ఆయన పీట మీద కూర్చొని, నా ముఖం చూడకుండా అన్నాడు, "నేను రాను. నువ్వు పో. ఆడ నా పేరు మీద ఒక ప్రార్థన చెయ్యి."

"ఏ పేరు మీద?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పైకి లేచింది. "చెప్పుండ్రి. ఏ పేరు చెప్పాల్నో చెప్పుండ్రి."

ఆయన తలెత్తాడు. పెదవులు కదిలాయి, ఏదో ఒక పేరు చెప్తాడనే అనుకున్నాను.

"జర మెల్లగ" అన్నాడు. "తలుపు తెరిచున్నది."