స్టేజీ దాకా ర్యాంపు

బహ్రెయిన్‌కి వెళ్లిన కొత్తలో నేను ఏ ఉగాదికీ నా చక్రాల మీద హాల్లోకి వెళ్లలేదు. మోసుకుపోయేవారు. చిన్నప్పుడే పోలియో వచ్చింది, అప్పటి నుంచి నా నడకంతా చక్రాల కుర్చీలోనే. మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునే హాలుకేమో వాకిట్లో మూడు మెట్లు. నేను కారు దిగడం ఆలస్యం, నలుగురు మగవాళ్లు చొక్కా చేతులు మడుచుకుని వచ్చేవారు. అరబ్బీలో యల్లా, అంటే పదండి అని ఒకరు అనగానే కుర్చీతో సహా లేపేవారు. పట్టుచీర కట్టుకుని, ఊరేగింపులో అమ్మవారిలా నేను గాల్లో వెళ్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అమ్మవారికైతే కొబ్బరికాయ అయినా కొడతారు, నాకు అదీ లేదు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు గానీ, కావడిలో కూర్చున్నవాళ్లను ఎవరైనా అడిగారా?

అక్కడ అద్లియా అనే పేటలో ఒక ట్రావెల్ ఆఫీసులో టిక్కెట్లు బుక్ చేసేదాన్ని. వేసవిలో హైదరాబాద్ వెళ్లే మన వాళ్లంతా నా బల్ల ముందే నిలబడేవారు కాబట్టి మర్యాదకు లోటు లేదు. ఒక ఏడు పండగ దగ్గర పడుతుండగా సంఘం కార్యదర్శి స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, మనసు వెన్న. ఈసారి నాకు సన్మానమట. ఎందుకని అడిగాను. ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్నందుకట. మరి ఆ సన్మానానికి నన్ను ఎవరు మోస్తారని అడిగాను.

“గా ఫికరు నీకెందుకక్కా? మేం నల్గురం ఉన్నం గద,” అన్నాడు ధీమాగా.

నాకు ఒళ్లు మండింది. చక్రాలు ఎక్కేలా ఏటవాలు ర్యాంపు పెడితేనే వస్తాను, లేకపోతే మీ శాలువాకో దండం అన్నాను. ఆయన కంగుతిన్నా, కాసేపటికి సరేనని వెళ్లాడు. పక్క బల్ల ఫిలిప్పీన్స్ అమ్మాయి అంతా గమనించి విషయమేమిటని అడిగింది. వాళ్ల అన్నయ్యదీ చక్రాల కుర్చీయే. వాళ్ల దేశంలో ర్యాంపులు కట్టాలని చట్టమే ఉందని నాకు ఎప్పుడూ గొప్పగా చెప్పేది. ఆ రోజు మిగతా సగం కూడా చెప్పింది. వాళ్ల ఊళ్లో ఒకచోట చట్టానికి భయపడి ర్యాంపు కట్టారట, దాని నడుమ కరెంటు స్తంభం ఉందట. ర్యాంపు కావాలంటే చాలదు, ఎక్కడ కావాలో కూడా చెప్పమని హెచ్చరించింది. మా వాళ్లు మరీ అంత అమాయకులు కాదులే అని నవ్వేశాను.

పండగ రోజు ఆమెనూ వెంటబెట్టుకుని వెళ్లాను. కార్యదర్శి కారు దగ్గరికే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. లేబర్ క్యాంపులో ఉండే మన వడ్రంగులు సెలవు కూడా మానుకుని ర్యాంపు చేశారట, పైన ఎర్ర తివాచీ పరిచారట. ఏదీ అన్నాను. లోపల, స్టేజీకి పెట్టామన్నాడు. నేను ఎదురుగా ఉన్న మూడు మెట్ల వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. నలుగురూ అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నారు. ఫిలిప్పీన్స్ అమ్మాయి నా వెనక నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది.

వాళ్లకు నామీద ప్రేమ లేక కాదు. సన్మానమంటే మనకు స్టేజీ, శాలువా, ఫొటో. మనిషి గుమ్మం ఎలా దాటిందో ఫొటోలో పడదు కదా. అయినా నాకు ఏడుపొచ్చింది. ఈ ఒక్కసారైనా నా అంతట నేను లోపలికి వెళ్తానని పొద్దుటి నుంచీ ఆశపడ్డాను. కుర్చీకి బ్రేకులు వేసేసి, ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. కార్యదర్శి బతిమాలాడు. లోపల అందరూ ఎదురుచూస్తున్నారన్నాడు. చూడనివ్వండి అన్నాను.

కింది మెట్టు మీద ఒక పెద్దామె మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. కొడుకును చూడ్డానికి విజిట్ వీసా మీద వచ్చిన కార్యదర్శి తల్లి. అంతసేపూ మా గొడవ వింటూనే ఉంది.

“ఆ చెక్కలు పీకి ఈడికి తేరాదురా? నేను గూడ ఎక్కలేకనే ఈడ కూసున్న,” అంది కొడుకుతో.

నా అలక చేయలేని పని ఆ మోకాళ్లు చేశాయి. వడ్రంగులు పరుగెత్తారు. లోపల పంతులుగారు పంచాంగం విప్పి ఈ ఏడు వానలు సమృద్ధిగా పడతాయని ఎడారిలో చెబుతుంటే, ఆయన కాళ్ల దగ్గరే మేకులు ఊడదీశారు. తివాచీతో సహా ర్యాంపు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది.

ముందు పెద్దామె ఎక్కింది. ఆవిడ వెనక చంటిపిల్లాడి బండి తోసుకుంటూ ఒక తల్లి, తర్వాత ఏ నొప్పీ లేని పెద్దమనుషులు ఇద్దరు. నా వంతు వచ్చేదాకా నేనూ వరుసలో ఆగాల్సి వచ్చింది. సగం దూరం ఎక్కి, చేతులు నొప్పెట్టి కాస్త ఆగాను.

“అక్కా, జర జల్ది పోరాదు. ఎనక పులిహోర ఆగింది,” అని వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.

తిరిగి చూస్తే, ఏటా నన్ను మోసే నలుగురిలో ఒకడు. ట్రాలీ మీద పెద్ద గిన్నె తోసుకొస్తున్నాడు. చక్రాలు గట్టిగా తిప్పి గుమ్మం దాటాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

శాలువా తర్వాత కప్పారు. స్టేజీకి ఇక ర్యాంపు లేదు కాబట్టి పెద్దలంతా నా దగ్గరికే దిగివచ్చారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను, శాలువాకు మురిసిపోయానని అందరూ అనుకుంటారు. నేను మురిసింది ఆ పులిహోర విసుగుకి. గాల్లో ఊరేగినన్నాళ్లూ నన్ను ఒక్కరూ విసుక్కోలేదు మరి.