ఆగకుండా కదిలిన కందిచేల పటం

మా మేడం ఇక లేరని పోయిన సోమవారం తాండూరు నుంచి ఫోను వచ్చింది. ఏడుపొస్తుందనుకున్నాను. ముందుగా గుర్తొచ్చింది మాత్రం మేమిద్దరం కలిసి గెలిచిన రోజు.

డిగ్రీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పింది ఆమే. ప్రోగ్రాంలో తప్పొస్తే కోప్పడేవారు కాదు. "నువ్వనుకున్నది ఇడిసిపెట్టు బిడ్డా, అది ఏం జేస్తుందో జూడు" అనేవారు. పాఠం మధ్యలో జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకోవడం ఆమెకు అలవాటు.

కిందటేడు వికారాబాద్‌లో మా వ్యవసాయ ఆఫీసు కోసం ఒక పటం తయారుచేశాను. బ్రౌజర్‌లోనే కోడ్ రాసి ఫలితం అక్కడే చూసుకునే నోట్‌బుక్ పేజీ అది. కింద ఉన్న స్లైడర్‌ను జరిపితే వారం మారి, కందికి పురుగు ముప్పు ఏ మండలంలో ఎంతుందో రంగుల్లో కనిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. కాసేపు జరిపేసరికి మెమరీ నిండి పేజీ బిగుసుకుపోయేది. డేటా తగ్గించాను, కంప్యూటర్ మార్చాను, లాభం లేకపోయింది. రైతుల సమావేశం దగ్గర పడింది. పటం వదిలేసి కాగితాలు పంచేద్దామన్నారు మా ఆఫీసు సారు.

మేడంకు ఫోను చేశాను. రిటైరై, మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి మర్నాడే రైలెక్కి వచ్చేశారు. కోడ్ చూడలేదు. నన్ను స్లైడర్ జరపమని, మెమరీ ఎంత వాడుతోందో చూపే గీతను గమనించారు. జరిపిన ప్రతిసారీ అది పెరుగుతోంది, తగ్గడం లేదు. పటం పక్కనున్న గ్రాఫు తీసేయించారు, అయినా పెరిగింది. పటం తీసేయించారు, పెరగడం ఆగిపోయింది. స్లైడర్ కదిలినప్పుడు ఏం చేస్తున్నావని అడిగారు. పాత పటం చెరిపేసి కొత్తది గీస్తున్నానన్నాను.

"పాతది పోయిందని నీకెవలు జెప్పిండ్రు? కనవడ్తలేదు, గంతే."

నిజమే. తెర మీద చెరిపిన ప్రతి పటమూ లోపల బతికే ఉంది. స్లైడర్ కదిలితే కబురు అందాలని ప్రతి పటానికీ ఏర్పాటు చేశాను, ఒక్కదానికీ దాన్ని రద్దు చేయలేదు. ఇక ఒకే పటం ఉంచి, దాని రంగులు మాత్రమే మారేలా తిరగరాశాను. మేడం తనే మౌస్ అందుకుని, టీ చల్లారిపోయేదాకా అటూ ఇటూ జరిపారు. గీత పైకి లేవలేదు.

"మస్తుగుంది. ఇగ రమ్మను నీ రైతుల్ని" అన్నారు.

సమావేశం రోజు మేడం కూడా వచ్చారు. ధారూర్, పూడూరు రైతులు వంతులవారీగా స్లైడర్ జరిపారు. పొద్దున మొదలైన పేజీ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. కాగితాలన్న సారే ముందు చప్పట్లు కొట్టారు. ఆ ఏడు బొంరాస్‌పేట వైపు చాలామంది అదను చూసి మందు కొట్టారు, కంది కాయ నిలిచింది.

సమావేశం రోజే, అందరూ లేచాక బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ తన ఊరి సంగతి చూడాలంది. మేడం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి మెల్లగా మౌస్ జరిపించారు. వారాలు కదిలాయి. ఇద్దరి ముఖాల మీదా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వెలుగులు ఒకదాని వెంట ఒకటి పడుతూ ఉన్నాయి.