జానెడు టర్నింగ్

పెరిగే పిల్లల బట్టల్లో పెరగడానికి జాగా వదలాలని పదిహేడేళ్లుగా గద్వాల ఊరందరికీ పాఠం చెబుతున్న నేను, 2023 జూన్‌లో నా సొంత బిడ్డకే ఆ జాగా వదలలేదు. కొలతల్లేని ప్రేమ అని పుస్తకాల్లో రాస్తుంటారు. నేను దాన్ని కత్తెరతో చేసి చూపించాను.

కోట గోడ పక్క సందులో నాదొక టైలరు దుకాణం. ఏడాదంతా ప్యాంట్లు, చొక్కాలు, పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు. మే నెల సగం దాటిందంటే మాత్రం నా దుకాణమే ఒక బడి. స్టూలు మీద పిల్లలు, గుమ్మంలో తల్లులు, నా మెడలో టేపు. ప్రైవేటు బడుల యూనిఫాం కుట్టే పనిలో అసలు విద్య కుట్టడం కాదు, మడవడం. గౌను కింది అంచులో బట్టను లోపలికి రెండంగుళాలు మడిచి కుడతాం. దాన్ని మేం టర్నింగ్ అంటాం. పిల్ల పొడుగైతే ఆ కుట్టు విప్పి, మడత దించి, మళ్లీ కుడితే ఇంకో ఏడాది నడుస్తుంది. రెండంగుళాలు సరిపోతాయా అని తల్లులు అడుగుతారు. వాళ్లందరికీ నాది ఒకటే జవాబు. "ఎంత పెరుగుతదో మనకు తెల్వదమ్మా. జాగా పెట్టుడు మన పని."

నాకు ఇంకో పట్టుదల ఉండేది. ఆది మీద పిల్లల బట్టలు కుట్టను. ఆది అంటే కొలతకు తెచ్చే పాత బట్ట. పెద్దవాళ్లకు ఫరవాలేదు, వాళ్లు పెరిగేది అడ్డంగానే కాబట్టి కుట్లు వదులు చేస్తే సరిపోతుంది. ఆ వేసవిలోనే అయిజ నుంచి ఒకావిడ పాత గౌను సంచిలో పెట్టుకుని వచ్చింది.

"పిల్లేదమ్మా?" అన్నాను.

"ఇంటికాడ ఉన్నది. ఎండల ఎందుకని తేలే. దీని ఆది మీద కుట్టు అన్నా."

"ఈ ఆది పోయిన ఏటి పిల్లది. పో, ఈ ఏటి పిల్లను తీసుకరా."

పాపం, ఆమె మళ్లీ బస్సెక్కి వెళ్లి పిల్లతో వచ్చింది. ఆమెకు నేను ఈ వ్యాసం ద్వారా క్షమాపణ చెప్పుకోవాలి. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

మా పాప పేరు వెన్నెల. అప్పటికి ఆరేళ్లు. మూడేళ్లు అంగన్‌వాడీకి వెళ్లింది. అక్కడ యూనిఫాం లేదు. ఆ మూడేళ్లూ మధ్యాహ్నం నుంచి నా కటింగ్ బల్ల కిందే దాని మకాం. పైనుంచి రాలే ముక్కలన్నీ ఏరి ఒక సంచిలో దాచేది. కుట్టి తగిలించిన గౌను ప్రతిదీ ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకునేది. ఎవరి గౌనో అడిగేది. అది ఫలానావాళ్లదని చెబితే, దులిపి, నలగకుండా మళ్లీ తగిలించేది. ఒకటో తరగతిలో చేరుస్తామని తెలిసిన నాటి నుంచి, అంటే ఉగాది నుంచి, దానిది ఒకటే ప్రశ్న. "నాదెప్పుడు కుడ్తవ్ నాయినా?"

దాని గౌనే మొదట కుడతానన్నాను. అన్నమాట ప్రకారం అందరికంటే ముందే కుట్టాను కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎండాకాలమంతా పిల్ల రాజోలిలో అమ్మమ్మ ఇంట్లో తుంగభద్ర గాలికి తిరుగుతోంది. బట్ట వచ్చింది, పిల్ల లేదు. రాజోలి ఏమంత దూరం? వెళ్లి టేపు పెట్టి రావచ్చు. కానీ మా అమ్మకొక పట్టింపు ఉంది. సొంత బిడ్డకు టేపు పెడితే పెరుగుదల ఆగిపోతుందని ఆమె నమ్మకం. ఊరి పిల్లలందరికీ పెడతాను కదా, వాళ్లంతా నిక్షేపంగా పెరుగుతున్నారు కదా అంటే, వాళ్లకు నువ్వు నాయినవు కాదు గదా అంటుంది. ఇలాంటి తర్కానికి జవాబు మా దుకాణంలో దొరకదు. అందుకని దసరాకు కుట్టిన గౌను పెట్టెలోంచి తీసి, దాని ఆది మీద కోశాను.

అవును, ఆది మీదే. పైగా టర్నింగ్ వదలకుండా, అంచున సన్నటి మడత ఒకటి వేసి ఊరుకున్నాను. మిషను నాదే, మనిషిని నేనే, పిల్ల నా ఇంట్లోనే ఉంటుంది. పెరిగినప్పుడు కొత్తది కుట్టలేనా అన్న ధీమా. ఆ బిడ్డను రోజూ ఎత్తుకునే చేతులివి, ఈ చేతులకు తెలియని కొలతా అన్న పొగరు కూడా కొంచెం ఉంది.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు వెన్నెల వచ్చింది. ఒకసారి వేసి చూడమని నా భార్య మంజుల అడిగింది. ఊళ్లోవాళ్ల గౌన్లు ఇంకా బోలెడు మిగిలి ఉన్నాయి. రేపు చూద్దామన్నాను.

"ఊరోళ్లకు చెప్పే రేపు ఇంట్ల గూడ చెప్పవడ్తివా?" అంది మంజుల.

బడి రోజు పొద్దున ఏడింటికి, రెండు జడలూ రిబ్బన్లూ పూర్తయ్యాక, గౌను వేశాం. తొమ్మిదింటికి బడి గంట. మోకాలి కిందికి రావలసిన అంచు నాలుగు వేళ్లు తక్కువై మోకాలి పైనే ఆగిపోయింది. చంకలు పట్టేశాయి. దసరాకూ జూన్‌కూ మధ్య ఈ పిల్ల ఎప్పుడు ఇంత పెరిగిందో, రోజూ ఎత్తుకున్న నా చేతులకే తెలియలేదు. టేపు పెట్టలేదు, పెరుగుదల ఆగలేదు. ఆ లెక్కన మా అమ్మ మాట నూటికి నూరుపాళ్లు నిజమైంది.

వెన్నెల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అద్దంలో తేరిపార చూసుకుంది. తర్వాత వంగి, అంచు పట్టుకుని లోపలి వైపుకు తిప్పి చూసింది. మా దుకాణానికి వచ్చే తల్లులు సరిగ్గా అలాగే చూస్తారు.

"నాయినా, టర్నింగ్ ఏది?" అంది.

ఈ పనిలో సూది నా వేలికి ఎన్నోసార్లు దిగింది. ఈ మాట కుట్టినంత లోతుగా ఏదీ కుట్టలేదు.

దుకాణానికి పరుగెత్తాను. వెన్నెల బడి గళ్ల బట్ట తానులో ఖాళీ అట్ట మాత్రమే మిగిలి గోడకు ఆని ఉంది. బట్టల కొట్టుకు ఫోన్ చేస్తే, కొత్త తాను వచ్చే వారం వస్తుందన్నారు. తాను అయిపోయింది, నేనూ అయిపోయాను. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

మొదటి రోజే కదా, ఇంట్లో ఉన్న వేరే గౌను వేసుకుని పోతే ఎవరేమంటారని మంజుల బుజ్జగించింది. వెన్నెల తల అడ్డంగా ఊపింది. అది మొండిగా కూడా చెప్పలేదు, మెల్లగా చెప్పింది. "ఐతే రేపు పోత తియ్."

మూడేళ్లు ఇతరుల గౌన్లు దులిపి తగిలించిన పిల్ల అది. దాని ఈడు పిల్లలు మా సందులోంచి నా చేతి గౌన్లు తొడుక్కుని ఆ పూటే బయలుదేరుతున్నారు. రేపు అనే మాట విలువ ఎంతో నాకంటే బాగా తెలిసినవాడు గద్వాలలో లేడు. బడిలో మొదటి రోజును రేపటికి వాయిదా వేస్తే అది రెండో రోజవుతుంది.

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. ఆమె పుట్టిల్లు మగ్గం ఇల్లు. "గంత పరేషాన్ ఎందుకురా? గద్వాల చీరకు ఒళ్లు వేరే, అంచు వేరే. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటిని కలుపుడే గద మనోళ్ల పని. దీనికీ ఒక అంచు వెయ్."

అంచు వేయడానికైనా అదే గళ్ల బట్ట కావాలి కదా అన్నాను. నేను ఇంకా మాట పూర్తి చేయకముందే వెన్నెల లోపలికి వెళ్లి, తన ముక్కల సంచి ఈడ్చుకుంటూ వచ్చింది.

నేల మీద బోర్లించింది. ఎన్ని గుడ్డలో. అన్ని రంగుల్లోంచి ఆ గళ్ల ముక్కలే టకటకా ఏరింది. నాలుగు వేళ్ల వెడల్పున్నవి ఒక పక్కకు, సన్నవి ఒక పక్కకు. ఆ తర్వాత అది చేసిన పని చూసి నేను నేల మీదే కూర్చుండిపోయాను. ఒక ముక్క గడి దగ్గర ఇంకో ముక్క గడి ఆనించి, గీతలో గీత కలిసేలా జరుపుతోంది. గళ్లు కలపడం మా పనిలో కష్టమైన విద్య. నాకది పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది, మా గురువు చేతి మొట్టికాయలు ఎన్నో పట్టాయి. దీనికి ఎవరూ నేర్పలేదు. బల్ల కింద కూర్చుని పైకి చూసిందంతే.

నేను మిషను ఎక్కాను. ముక్కకు ముక్క కలుపుతూ వచ్చాను. చివరికి జానెడు తక్కువ పడింది. సంచిలో ఇంక గళ్ల ముక్క లేదు. ఎనిమిది కావస్తోంది.

వెన్నెల లేచి వెళ్లి తన బొమ్మను తెచ్చింది. బొమ్మ ఒంటి మీద అదే బడి గౌను. మా అమ్మ చేత చేతికుట్టుతో కుట్టించుకుందట. బొమ్మ గౌను విప్పి నా చేతిలో పెట్టింది. విప్పడానికి ముందు ఒక్క క్షణం మాత్రం బొమ్మ జుట్టు సర్దింది.

వెడల్పు చూశాను. మూడు వేళ్లే ఉంది. చాలదని చెప్పబోతూ అంచు తిప్పాను. లోపల ముద్దుగా, ఒక వేలెడు మడత. ఆ బొమ్మ గౌనుకు టర్నింగ్ ఉంది.

"నేను వద్దన్న. బొమ్మకు టర్నింగ్ ఏందే అన్న. వినలే," అంది మా అమ్మ.

"బొమ్మ పెరుగుతదా బిడ్డా?" అన్నాను.

వెన్నెల నన్ను జాలిగా చూసింది. "ఎంత పెరుగుతదో మనకు తెల్వది నాయినా. జాగా పెట్టుడు మన పని."

ఆ మాట నాదే. వేల సార్లు అని ఉంటాను, సరుకుతో పాటు కవరిచ్చినట్టు అలవాటుగా అనేవాణ్ని. దాని అర్థం ఏమిటో ఆ పొద్దున నా బిడ్డ నోట విన్నాకే నాకు తట్టింది. మడత విప్పాను. మూడు వేళ్లు నాలుగు వేళ్లయింది. జానెడు ఖాళీ నిండింది. చంకలు కొంచెం తొలిచి వదులు చేశాను. ఎనిమిదిన్నరకు అంచు కట్టిన గౌను తొడిగాం. అతుకు కనిపిస్తూనే ఉంది, కానీ గళ్లు మాత్రం గీత తప్పలేదు. వెన్నెల అద్దం ముందు ఒకసారి గిర్రున తిరిగి, బొమ్మకు చేతిరుమాలు చుట్టి, పుస్తకాల సంచి భుజాన వేసుకుంది.

బడి గేటు దగ్గర లోపలికి పోతూ అది వెనక్కి తిరిగి చూడలేదు. తిరుగుతుందేమోనని నేను అక్కడే నిలబడ్డాను. గేటు దగ్గర కళ్లు తుడుచుకునే తల్లిదండ్రులను చూసి ఏటేటా నవ్వుకునేవాణ్ని నేను. ఆ రోజు నా కంట్లో ఏదో పడింది. దారప్పోగు అయి ఉంటుంది.

మైదానంలో పిల్లలు వరసగా నిలబడ్డారు. సగానికి సగం నా చేతి గౌన్లే. అన్నేళ్లూ నేను వాటిని బయటి నుంచే చూశాను. ఆ పొద్దున లోపలి మడతలు కనిపించాయి. ప్రతి పిల్ల మోకాళ్ల దగ్గరా రెండంగుళాల రాబోయే ఏడాది, మడిచి, కుట్టి, ఎవరికీ కనబడకుండా ఉంది. ఆ పిల్లలకే తెలియదు తాము దాన్ని మోస్తున్నామని. ఎవరు ఎంత దించుకుంటారో కుట్టిన నాకూ తెలియదు. ప్రార్థన మొదలైంది. సన్నటి గొంతులన్నీ కలిసి లేస్తుంటే నాకు తెలియకుండానే చెప్పులు విడిచి నిలబడ్డాను.

"ఏంది టైలరన్నా, పిల్ల లోపటికి పోయింది. నువ్వు గూడ చేరుతవా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. తిరిగి చూస్తే అయిజ ఆవిడ. ఆమె కూతురు గౌను నిక్కచ్చిగా మోకాలి కిందికి ఉంది. చెప్పులు వేసుకున్నాను.

ఆ గౌను నాకు నేర్పింది చెప్పుకోవడానికి చిన్నదే. పిల్లలు మన కళ్ల ముందే పెరుగుతారు. కళ్ల ముందు జరుగుతుంది కాబట్టే కనిపించదు. రోజూ చూసే పిల్లకే టేపు ఎక్కువ అవసరం. ఇప్పుడు మా ఇంట్లో దసరాకూ ఉగాదికీ కొలత తీస్తున్నాను. అప్పుడు మా అమ్మ అటు తిరిగి కూర్చుంటుంది. కొలత ఎంత వచ్చిందో మాత్రం అడుగుతుంది.

ఇంక నా అవమానం సంగతి. ఆ ఏడాదంతా వెన్నెల బడి నుంచి వచ్చి దుకాణంలో కూర్చుని, వచ్చిన ప్రతి తల్లికీ ఒకటే సలహా ఇచ్చింది. "పెద్దమ్మా, మా నాయిన మర్చిపోతడు. టర్నింగ్ పెట్టిండో లేదో తిప్పి సూసుకోర్రి." వాళ్లు నా ముందే తిప్పి చూసుకునేవారు. పదిహేడేళ్ల పేరు ఒక అంచుకు వేలాడింది. నేను మిషను తొక్కాను.

మరుసటి జూన్ వచ్చింది. రెండో తరగతి గౌనుకు కొలత ఇస్తానని వెన్నెల నేరుగా లోపలికి వచ్చింది. వరసలో కూర్చోమన్నాను. తన ముందు ముగ్గురు పిల్లలు అయ్యేదాకా స్టూలు దగ్గర బుద్ధిగా కూర్చోబెట్టాను. వంతు వచ్చాక టేపు పెట్టి, పేరేంటమ్మా అని అడిగి, కొలతలు పుస్తకంలో రాసుకుని, శనివారం రమ్మన్నాను. పళ్లు నూరుకుంటూ వెళ్లింది.

శనివారం అన్నానంటే శనివారమే ఇచ్చాను, నా వృత్తి జీవితంలో అదొక వింత. వెన్నెల గౌను అందుకోగానే, అలవాటు ప్రకారం, అంచు పట్టుకుని తిప్పింది. రెండంగుళాలు కాదు, జానెడు మడత వదిలాను. అంచు బరువుకు గౌను గోనెసంచిలా వేలాడుతోంది. తొడుక్కుని నాలుగడుగులు వేస్తే మోకాళ్లకు తపతపా కొట్టుకుంది.

"నాయినా, ఏందిది? గింత ఎవరన్న పెడ్తరా?"

కత్తెర పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, ఏడాదిగా దాచుకున్న మాట అన్నాను.

"పెట్టిన. ఇగ పెరుగు, సూస్త."