పలకల పెట్టెలో నల్లది

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఇనుప బోను ఫొటో పంపింది. వాళ్లింటికి కొత్తగా వచ్చిన కుక్క కోసమట. కింద రాసింది: "కుక్క లోపల నిలబడాలి, అటూ ఇటూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. మూడూ కుదిరితేనే కొనాలంటమ్మా." మూడే మూడు ముక్కలు! ఈపాటి సంగతి ఆ రోజు నాకూ మా నాయనకూ ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మాది మార్కాపురం. నాయన పలకల కార్ఖానాలో ప్యాకింగు మనిషి. చెక్కపెట్టెలో పలకలు పేర్చి, సందు లేకుండా వరిగడ్డి కూరి, మేకులు కొట్టడం ఆయన పని. మూత బిగించాక పెట్టెను కాస్త వంచి చెవి ఆనించేవాడు. లోపల టిక్కుమన్నదా, మళ్లీ మొదటికి. "కదిలితే పగులుతాది" అన్నది ఆయన వేదం. అలమరలో గిన్నెలు కూడా కదలకూడదు. బండి మీద మా అక్కచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెడితే మధ్యలో దిండు కూరేవాడు. మేం నవ్వుకునేవాళ్లం గానీ, ఆయన కట్టిన పెట్టెలో పలక పగిలిందన్న మాట మాత్రం ఎన్నడూ వినలేదు.

నాకు గుంటూరు బదిలీ అయినప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నల్లది లేకపోతే రానని భీష్మించుకు కూర్చుంది. నల్లది అర్ధవీడులో మా పెద్దమ్మ వాళ్ల గొర్రెల మందలో పుట్టి, మా ఇంట పెరిగిన కుక్క. మెడకు తాడు ఎరగదు. స్టేషన్‌లో అడిగితే, పెట్టెలో పెడితేనే గార్డు ఉండే బోగీలోకి ఎక్కిస్తామన్నారు. పెట్టె కోసం వేట మొదలైంది. పెద్దమ్మ గొర్రెపిల్లలను మూసే గంప పంపింది. కోళ్ల దుకాణం భాయి తన పెద్ద ఇనుప గూడు మోసుకొచ్చి, "తీసుకోండి మామా, దీంట్లో అయితే నిలబడతాది" అన్నాడు. ఆ మాట చెవిన వేసుకుంటే ఎంత బాగుండేది!

"నిలబడితే పడతాది. రైలు కుదుపుకు కాళ్లు విరగ్గొట్టుకుంటాది. గంపయితే దొర్లుతాది," అని నాయన రెండింటినీ పక్కన పెట్టేశాడు. అరుగు మీద ముడుచుకుని నిద్రపోతున్న నల్లదాన్ని వెదురుబద్దతో కొలిచాడు. ఆ కొలతకే పలకల చెక్కతో పెట్టె చేశాడు. చదువుకున్నదాన్ని, పక్కనే నిలబడి చూశాను. పైగా "ఎంత ముచ్చటగా ఉంది నాయనా" అన్నాను. నా నోరు పడిపోను!

ప్రయాణం రోజు పొద్దున నాయన చెయ్యి చూపిస్తే చాలు, అది నమ్మి లోపలికి దూరి ముడుచుకుంది. చుట్టూ మెత్తగా గడ్డి కూరి మేకులు కొట్టాడు. అలవాటుగా చెవి ఆనించాడు. "ఇంగ దిగుల్లేదు పోండి" అన్నాడు, ముఖం వెలిగిపోతుంటే.

రైలు కూత వినబడితే చాలు, మొరిగి ఊరు లేపే కుక్క అది. మేం పక్క బోగీలోనే ఉన్నాం, దొనకొండ దాటినా చప్పుడు లేదు. "మా, నల్లది అరవట్లేదు," అంది అమ్మాయి. కురిచేడులో క్రాసింగుకు ఆగగానే ఇద్దరం గార్డు దగ్గరికి పరుగెత్తాం. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి, "ఏందమ్మా ఇది, కుక్కనా, పార్సిలా? ఊపిరాడే సందేదీ?" అని కేకలేశాడు. ఎండకు చెక్క కాలిపోతోంది. చెక్కల మధ్య వదిలిన సందుల్లోకి కూడా గడ్డి బిగుసుకుపోయింది. ఆయనే ఇనుప కడ్డీ తెచ్చి మూత పెకలించాడు.

ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉంది. నాలుక ఒక పక్కకు వేలాడుతోంది. కళ్లు తేలేసింది. గార్డూ నేనూ దాన్ని ఎత్తి ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టాం. అమ్మాయి ఏడవను కూడా ఏడవలేదు, తన సీసాలో నీళ్లన్నీ దాని మీద పోసి, పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఎంతసేపో తెలియదు. తోక ఒక్కసారి ప్లాట్‌ఫారానికి కొట్టుకుంది. అప్పుడు బావురుమంది పిల్ల. గార్డు పుణ్యాత్ముడు, మిగతా దారంతా దాన్ని తన కాళ్ల దగ్గరే పడుకోనిచ్చాడు.

గుంటూరులో దిగీ దిగకముందే నాయన ఫోన్. "కదల్లేదు గదా?" అన్నాడు. "కదల్లేదు నాయనా" అన్నాను. అబద్ధమేం కాదు, అదే నన్ను కోసేసింది. తర్వాత ఎన్నేళ్లో ఇంటికొచ్చిన వాళ్లందరికీ, కుక్కను గుంటూరు దాకా పలకలాగా చేర్చిన సంగతి చెప్పి మురిసిపోయేవాడు. నల్లది నిండుగా బతికి పోయింది. నాయన మంచాన పడిన చివరి రోజుల్లో, ఆయన పక్కకు ఒరిగి పడకుండా నేను అటూ ఇటూ దిండ్లు కూరాను. ఆయన కళ్లతోనే చాలన్నాడు. ఒక దిండు తీసేశాను. నిజం అప్పుడైనా చెప్పలేదు.

అమ్మాయికి జవాబు రాశాను: "ఒక సైజు పెద్దది కొను." వెంటనే అడిగింది, "తాతకు చివరిదాకా తెలీదు కదమ్మా?" తెలియదు. రేపు చెబుదాంలే అనుకుంటూ ఆయనకున్న రోజులన్నీ గడిపేశాను. ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి ఎంత తీరికైనా ఉంది.