పద్దెనిమిది మంది కథ

నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు షేర్ ఆటో నడిపే ఎర్రయ్య కోతలకు డీజిల్ అక్కర్లేదు. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకొని, మెడ వెనక్కి తిప్పి మొదలుపెట్టేవాడు: "పద్దెనిమిది మందిని, రెండు మేకపోతులను ఒక్క ట్రిప్పుల ఏసిన! ఆటో గాల్లకు లేసింది!" ఆ కోత మధ్యలోనే ఒకరోజు చక్రం గుంతలో పడింది, అతని సీటు అంచున కూర్చున్న ముసలి సాయమ్మ రోడ్డు మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. దవాఖానలో పోలీసు అడిగితే ఆమె, "నేనే కునుకు తీసి జారిన సారూ, పిలగాడు మంచిగనే నడిపిండు" అంది. ఆ మాట ఎర్రయ్య పక్కనే నిలబడి విన్నాడు.

ఇప్పుడు తన పక్కన ఎవరినీ ఎక్కించుకోడు, వెనక ముగ్గురే. రోజూ ఎక్కే వసంత నిన్న కదిలించింది: "జర పద్దెనిమిది మంది కత చెప్పు ఎర్రన్నా!"

అతను మెడ తిప్పలేదు. "గదంతా అబద్ధమే చెల్లె. సాయమ్మ పోలీసుకు చెప్పింది గూడ అబద్ధమే."